రెండో చూపు

తోడికోడలిని ఇంట్లో భరించడం ఒక ఎత్తు, ఆఫీసులో పక్క కుర్చీలో భరించడం ఇంకో ఎత్తు. హైమావతికి రెండూ తప్పలేదు.

నరసాపురం దాటి సముద్రం వైపు పోతే, రొయ్యల చెరువుల నడుమ ఒక ప్రయోగశాల వస్తుంది. చెరువులో రొయ్య మేత మానేసినా, గట్టుకు కొట్టుకొచ్చినా రైతులు బుట్టలో వేసుకుని అక్కడికే పరుగెత్తుకొస్తారు. రొయ్య పెంకు ముక్కో పేగు ముక్కో గాజు స్లైడు మీద పరిచి, మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో తేల్చడం హైమావతి పని. పెళ్ళికి ముందు నుంచీ అదే పని, అదే కుర్చీ. కంప్యూటర్లంటే చొరవ ఉండడంతో ప్రయోగశాలలోని సాఫ్ట్‌వేర్ల బాగోగులు కూడా మెల్లగా ఆమె నెత్తినే పడ్డాయి.

మరిది కిశోర్ పెళ్ళి చేసుకుని తెచ్చిన తన్మయిది కూడా అదే చదువు. ప్రయోగశాల పెద్ద డాక్టర్ విజయగోపాల రాజు గారు పెళ్ళి భోజనాల దగ్గరే ఆ సంగతి తెలుసుకుని, "ఇంట్లో మనిషిని పెట్టుకుని బయట వెతుకుతామేంటమ్మా హైమా! వచ్చే నెల నుంచి నీతోపాటే తీసుకొచ్చెయ్" అన్నారు. హైమ నవ్వింది. విస్తరి ముందు కూర్చున్న మనిషి నవ్వక ఏం చేస్తుంది?

తన్మయిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. హైమకు మొదటి కష్టం అదే. 'అక్కా, అక్కా' అంటూ వెనకాలే తిరిగేది. స్కూటీ మీద వెనక కూర్చుని దారి పొడుగునా కబుర్లు చెప్పేది. కొన్నాళ్ళు పోయేసరికి రైతులు గేటు దగ్గరే "చిన్నమ్మగారున్నారాండి?" అని అడగడం మొదలుపెట్టారు. ఇంట్లో అత్తగారు సీతారావమ్మ కూడా చింతచిగురూ రొయ్యలూ తెచ్చిన రోజున, "తన్మయిని వండనీవే, దాని చేతిలో ఏదో ఉంది" అనేది. ఇన్నేళ్ళుగా వండిపెడుతున్న హైమ చేతిలో ఏమీ లేదనే కదా దానర్థం.

అన్నిటికంటే హైమను కుదిపేసింది స్లైడు ముందు తన్మయి కూర్చునే తీరు. మైక్రోస్కోపు మీదకు వంగేముందు ఆ పిల్ల ఒక్క క్షణం ఆగేది. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టి, కళ్ళు మూసి తెరిచి, అప్పుడు వంగేది. ఆ ఆగడంలో చెప్పలేని నిబ్బరం ఉండేది. పైనుంచి ఎవరైనా చూడవస్తే రాజు గారు ఆ నిబ్బరాన్నే చూపించి, "చూశారా, తొందరపడదు" అనేవారు. హైమ ఆ మాట అన్నంలో రాయిలా నమిలేది.

ఇంతలో కైకలూరు దగ్గర కొత్త ప్రయోగశాల కడుతున్నారనీ, దాన్ని నడపడానికి ఇక్కడి ఇద్దరిలో ఒకరిని పంపుతారనీ మాట పుట్టింది. ఎంపిక చేసేవాళ్ళు మనుషులను పిలిచి ప్రశ్నలడగరు. ఎవరి పేరు మీద ఎంత పని ఉంది, ఎన్నిసార్లు వాళ్ళు చెప్పింది నిజమైంది అన్నది సాఫ్ట్‌వేర్‌లో చూస్తారు. హైమ పేరు మీద ఏళ్ళ పని ఉంది. తన్మయి ఎంత అందంగా ఆగి చూసినా ఆ ఏళ్ళను మాత్రం తేలేదు. హైమ ధీమా అంతా ఆ పేరు మీదే.

ఆనవాలు వచ్చింది ఆ రోజుల్లోనే.

అప్పటిదాకా ప్రయోగశాలలో ప్రతిదానికీ ఒక పాస్‌వర్డు ఉండేది. స్లైడ్లకు ఒకటి, చెరువుల మ్యాపుకు ఒకటి, మందుల కొనుగోలుకు ఒకటి, సెలవు అడగడానికి మళ్ళీ ఒకటి. గ్లౌజులు తియ్యడం, టైపు చెయ్యడం, తప్పు పడడం, మళ్ళీ తొడుక్కోవడం. సగం పూట దానికే పోయేది. మరిచిపోయినవాళ్ళు ఇంకో పేరుతో కొత్త ఖాతా తెరుచుకునేవారు. శాంపిళ్ళ ఫ్రిజ్ తలుపు నిండా పాస్‌వర్డుల చీటీలే.

ఆనవాలు రాజు గారి పాత శిష్యులు విశాఖలో తయారుచేసిన పరికరం. ఇంకా ఎక్కడా పెట్టలేదు. మొదటి పరీక్ష ఇక్కడే. మాస్కూ టోపీ గ్లౌజులూ వేసుకున్న మనిషికి ముఖమూ ఉండదు, వేలిముద్రా ఉండదు. అందుకని అది మనిషిని తీరును బట్టి గుర్తుపడుతుంది. కుర్చీ కింద పలచటి రబ్బరు పట్టా, తెర పైన గురివింద గింజంత కన్ను. తలుపు నుంచి కుర్చీ దాకా ఎలా నడిచారు, ఎటు ఒరిగి కూర్చున్నారు, మౌసు మీద చెయ్యి ఎక్కడ తడబడింది, చూపు ఎక్కడ నిలిచింది, ఇవన్నీ కలిపి ఫలానా మనిషని తేల్చుకుంటుంది. తేల్చుకుని మిగతా సాఫ్ట్‌వేర్లన్నిటికీ కబురు పెడుతుంది. ఒక్కసారి కూర్చుంటే చాలు, అన్నీ తెరుచుకుంటాయి.

దాన్ని నిలబెట్టే పని హైమది. 'ఇకపై నువ్వు పాస్‌వర్డు అడగొద్దు, ఆనవాలు ఎవరని చెబితే వాళ్ళేనని నమ్ము' అని ఒక్కొక్క సాఫ్ట్‌వేర్‌కూ నేర్పుకుంటూ వచ్చింది. కొత్త చుట్టానికి ఇంటిల్లిపాదినీ పరిచయం చేసినట్టే ఉంది ఆ పని. మనుషుల తీరు పట్టుకోవడానికి గదిలోని పాత కెమెరా రికార్డులన్నీ దానికి వేసి చూపించింది.

"మనిషన్నాక జలుబు చేస్తుంది, కాలు బెణుకుతుంది, వయసు మీద పడుతుంది" అన్నారు రాజు గారు. "రోజూ కొంచెం కొంచెం మారే మనిషిని అది బయట నిలబెట్టకూడదమ్మా. మనిషితోపాటు అదీ మారాలి."

హైమ అలాగే ఏర్పాటు చేసింది. తర్వాత, ఒక్కొక్కరికీ ఉన్న రెండేసి మూడేసి ఖాతాల గొడవ తేల్చడానికి ఇంకో నియమం తనే పెట్టింది. రెండు ఖాతాల్లో ఒకే తీరు కనిపిస్తే, వాటిని ఒకే మనిషివిగా కలిపెయ్యాలి. ఈ మధ్య ఏ పేరు ఎక్కువ వాడుకలో ఉంటే ఆ పేరు మిగలాలి.

"అడక్కుండానే కలిపేస్తుందా అక్కా?" అంది తన్మయి పక్కనుంచి తొంగిచూస్తూ.

"అడిగితే ప్రతివాళ్ళూ నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడతారు. నువ్వొచ్చి సమాధానం చెప్తావా?"

"అమ్మో, నావల్ల కాదు" అని నవ్వుతూ వెళ్ళిపోయింది తన్మయి. ఆ నవ్వు కూడా హైమకు చక్కగా ఉన్నట్టే తోచి, మనసు మండింది.

ఆనవాలు తెరిచిన రోజున పాత పాస్‌వర్డులన్నీ చెరిపేశారు. ఫ్రిజ్ తలుపు కడిగి తుడిచారు.

తనకు తెలియకుండానే ఆ అలవాటు మొదలైందని హైమ తర్వాత తనకు తాను చెప్పుకుంది. అది నిజం కాదు. ఒకరోజు గదిలో ఎవరూ లేనప్పుడు, రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టి, కళ్ళు మూసి తెరిచింది. సిగ్గేసింది. కానీ వంగి చూస్తే స్లైడు తేటగా కనిపించింది. మర్నాడు కూడా అలాగే చేసింది. ఆ తర్వాత నడక. తన్మయి కాలి మునివేళ్ళ మీద తేలిగ్గా నడుస్తుంది. హైమ కూడా మడమ చప్పుడు తగ్గించుకుంది. తన్మయి మౌసును వేళ్ళ చివరతో తోస్తుంది, పిడికిట్లో పట్టుకోదు. జుట్టు మెడ కిందకు క్లిప్పు పెడుతుంది. సందేహం వస్తే పెదవి ఒక పక్కకు లాగుతుంది. చిన్నప్పుడు బడిలో వెనక బెంచీలో కూర్చుని టీచరు చెయ్యి తిప్పే తీరు దాకా గమనించిన పిల్ల హైమ. గమనించడం ఆమెకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

ఫలితం కూడా కనిపించింది. "ఈ మధ్య నీలో నిదానం వచ్చిందమ్మా" అన్నారు రాజు గారు. ఆ మాటను హైమ సాయంత్రం దాకా నోట్లో బెల్లంముక్కలా దాచుకుంది.

ఇంట్లోనూ అంతే. ఒక పూట వంటింట్లోకి వస్తుంటే, గుమ్మానికి వీపు పెట్టి కూరలు తరుగుతున్న సీతారావమ్మ తల తిప్పకుండానే, "తన్మయీ, ఆ చెంబు ఇలా అందుకో" అంది. హైమ మాట్లాడకుండా చెంబు అందించింది. అత్తగారు తలెత్తి చూసి, "నువ్వా?" అంది.

ఆ 'నువ్వా' ముల్లులా గుచ్చుకుంది. కానీ అంతకు ముందు క్షణం ఎంత హాయిగా ఉందో కూడా హైమ మరిచిపోలేదు.

ఆ ప్రయోగశాలకు ఒక పద్ధతి ఉంది. ప్రతి స్లైడునూ ఇద్దరు చూడాలి. ఒకరిది మొదటి చూపు, ఇంకొకరిది రెండో చూపు. ఒకరు రాసింది ఇంకొకరికి కనబడదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఇద్దరూ ఒకటే రాస్తే రైతుకు చెప్పేస్తారు. వేరువేరుగా రాస్తే పెద్ద పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆగమంటారు. "ఒకళ్ళకి నిద్ర చాలకపోవచ్చు, ఇంట్లో గొడవపడి రావచ్చు" అనేవారు రాజు గారు. "ఇద్దరూ ఒకే రోజు గొడవపడి రారుగా!" హైమా తన్మయీ ఒకే ఇంటినుంచి వస్తారన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తుండేది కాదు.

ఒకరోజు పొద్దున్న తన్మయి మొదటి చూపు ముగించి లేచింది. హైమ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. తెర వెలిగింది.

'నమస్కారం, తన్మయి గారూ. ఈ స్లైడు మీరు ఇదివరకే చూశారు.'

హైమ లేచి, తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ నడిచి వచ్చి కూర్చుంది. మళ్ళీ అదే నమస్కారం. తన పాత పని వెతికింది. ఏళ్ళ తరబడి చూసిన స్లైడ్లన్నీ ఉన్నాయి. ప్రతిదాని కిందా తన్మయి పేరు. సెలవుల పేజీలో మిగిలిన సెలవులు తన్మయివి. ఉద్యోగుల జాబితా కిందిదాకా చూసింది. హైమావతి అనే మనిషి అందులో లేదు.

ఆ వెంటనే, ఇంకేమీ ఆలోచించకుండానే, దొంగ ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రం వంటింట్లో స్టవ్ ముందు నిలబడ్డ తన్మయిని పట్టుకుంది. "ఏం చేశావే నా పేరుని?"

"ఏ పేరక్కా?"

"నంగనాచిలా మాట్లాడకు. ఏళ్ళ తరబడి కళ్ళు పోగొట్టుకుని చేసిన పనంతా ఇవాళ నీ పేరు మీదుంది. ఎంపికవాళ్ళు వచ్చే వారం చూస్తారని నీకు తెలుసు."

పక్కన చేప కడుగుతున్న సీతారావమ్మ చెయ్యాపింది. "పేరు పోవడమేంటర్రా? రేషన్ కార్డులోనా?"

"కాదత్తయ్యా, ఆఫీసులో" అంది తన్మయి. గరిట పక్కన పెట్టి హైమ వైపు తిరిగింది. "అక్కా, దాని తాళాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఏది ఎక్కడుందో కూడా నాకు తెలీదు. నేనెలా తీస్తాను?"

"నీకు కైకలూరు కావాలి."

"కావాలి. ఎందుకు వద్దంటాను? మీకొక్కరికే ఆశ ఉండాలా?" తన్మయి గొంతు మొదటిసారి పెరిగింది. "కానీ మీ పేరు పెట్టుకుని వెళ్ళాల్సిన ఖర్మ నాకు లేదు."

"కూర మాడుతోందే" అంది సీతారావమ్మ. ఇద్దరూ ఒక్కసారే స్టవ్ వైపు చెయ్యి చాపారు. ఇద్దరూ ఒక్కలాగే చాపారు. ముసలావిడ ఆ రెండు చేతులనూ వింతగా చూసింది.

"విడదీసెయ్యమ్మా, అంతే కదా" అన్నారు రాజు గారు సంగతి విని. హైమ విడదీసింది. మర్నాటికి మళ్ళీ కలిసిపోయాయి. కలిపే నియమాన్నే తీసేసింది. అయినా ఇద్దరిలో ఎవరు కూర్చున్నా తన్మయికే తలుపు తెరుచుకుంది. దాని కంటికి అక్కడ ఉన్నది ఒకే మనిషి. నియమం తీసేసినంత మాత్రాన లేని మనిషి ఎక్కడినుంచి వస్తుంది?

రెండో చూపు ఆగిపోయింది. ప్రతి బుట్టా పెద్ద పరీక్షకు పోతోంది. వరండాలో రైతులు బుట్టల మీద తడి గోనెలు కప్పుకుని, విసుక్కుంటూ కూర్చుంటున్నారు. విశాఖ నుంచి కుర్రాళ్ళు ఫోన్‌లో చెప్పింది ఒక్కటే: "పరికరంలో తప్పు లేదు మేడమ్. మీరు మామూలుగా, మీలా కూర్చోండి. అదే గుర్తుపడుతుంది."

హైమ తనలా కూర్చోవాలని చూసింది. ఎలా కూర్చునేది తను? మడమ నొక్కి నడిచేదని గుర్తుంది. ఎంత నొక్కేది? నడిచి చూసింది. ఎవరినో వెక్కిరిస్తున్నట్టుంది ఆ నడక. ఆనవాలు మర్యాదగా నమస్కారం పెట్టింది, తన్మయి గారికి.

ఇక మిగిలింది లోపలి లెక్క చూడడం. ఎవరి తీరు ఎప్పుడు ఎటు మారిందో ఆనవాలు గీతలు గీసి ఉంచుతుంది. హైమ దాని జోలికి పోకుండా అన్నాళ్ళూ తప్పించుకుంది. తిన్నగా పోయే ఒక గీతా, దొంగలా దాని పక్కకు చేరే ఇంకో గీతా కనిపిస్తాయని ఆమెకు తెలుసు. ఆ రెండో గీత ఎవరిదో రాజు గారు చూస్తే ఏమని చెబుతుంది? ఆ పిల్ల బాగుందని నేనూ దానిలా తయారయ్యానండీ అంటుందా?

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక తెరిచింది.

రెండు గీతలూ వంగి ఉన్నాయి. ఒకదానివైపు ఒకటి వంగి, నడిమధ్య కలుసుకున్నాయి. అందులో ముందు వంగింది తన్మయి గీత. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వంగింది.

హైమకు నమ్మకం కలగలేదు. ఆ రోజుల కెమెరా రికార్డు తీసింది. తెర మీద ఒకామె కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టింది. కళ్ళు మూసి తెరిచింది. ఒక్క క్షణం ఆగింది. అప్పుడు వంగింది.

ఆమె తన్మయి కాదు. తనే. సాఫ్ట్‌వేర్ పనులు నెత్తిన పడి, తొందర పెరిగి, ఎప్పుడు వదిలేసిందో కూడా తెలియని తన అలవాటు. వెనక గోడకు ఆనుకుని కొత్తగా వచ్చిన తన్మయి నిలబడి ఉంది. రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

భోజనం ముగించి వచ్చిన తన్మయిని హైమ తెర ముందుకు పిలిచింది. "ఇది నీదనుకున్నాను" అంది.

తన్మయి తెర మీదకు వంగి, గోడకు ఆనుకున్న తనను చూసుకుంది. "మీదేనక్కా" అంది చివరికి. "వచ్చిన కొత్తలో మిమ్మల్ని చూసి కుళ్ళిపోయేదాన్ని. మీరలా ఆగితే చాలు, ఎదురుగా ఉన్న రైతు ఊపిరి బిగపట్టేవాడు. నాకూ అలా జరగాలనిపించింది. అద్దం ముందు కూర్చుని నేర్చుకున్నాను."

"మరి ఆ చింతచిగురు?"

"అదీ మీదే. చిగురు నలిపి చివర్లో వెయ్యడం మీ దగ్గర చూశాను."

ఇద్దరికీ కోపాలు కరిగి కౌగిలించుకోవాల్సిన చోటు అది. హైమకు కరగలేదు. ఇంకా ఎక్కువైంది. తన వస్తువే తన్మయి దగ్గర ఎక్కువ మెరిసింది. తన నిదానమే తన్మయి ఒంటి మీద అందరికీ నిదానంగా కనిపించింది. తన కూరే తన్మయి చేత్తో వడ్డిస్తే అత్తగారికి రుచించింది. దొంగతనమైతే తిట్టి మనసు చల్లార్చుకోవచ్చు. దీనికి ఎవరిని తిట్టాలి?

"నువ్వు నీలా ఉండలేకపోయావా?" అంది.

"మీరుండలేకపోయారా?" అంది తన్మయి.

తన్మయి కోపంగానే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కాలేజీ రోజుల్లోలా కాలు ఊపుతూ, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తెర వెలిగి, 'నమస్కారం, తన్మయి గారూ' అంది. హైమ కూర్చుంది. దానికీ అదే నమస్కారం. తన్మయికి నవ్వొచ్చింది. హైమకు రాలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దింట్లు అనే రైతు వచ్చాడు. పక్క ఊళ్ళో రెండు చెరువుల ఆసామి. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. బుట్టలోంచి ఒక రొయ్యను తోక పట్టుకుని పైకెత్తి చూపించాడు. "పెంకు మీద సుక్కలొచ్చాయండి. వలేసెయ్యమంటారా, ఆగమంటారా? ఇంకో నెలాగితే మంచి సైజొస్తదండి. ఇప్పుడు పట్టేత్తే మేత డబ్బులు కూడా రావండాయ్."

"చూసి చెప్తాం బాబాయ్, కూర్చోండి" అంది తన్మయి.

ఆమె మొదటి చూపు చూసింది. అరచేతులు బల్ల మీద పెట్టి, ఆగి, వంగి, చాలాసేపు చూసి, రాసి, లేచి పక్కకు వెళ్ళి నిలబడింది. ఏం రాసిందో ముఖంలో ఏమీ తెలియదు.

హైమ కూర్చుంది. 'ఈ స్లైడు మీరు ఇదివరకే చూశారు' అంది తెర. ఆమె పట్టించుకోలేదు. మైక్రోస్కోపుకు ఎవరి పేరూ అక్కర్లేదు. వంగి చూసింది.

తెల్లటి చుక్కలు. గుండ్రంగా, పెంకు నిండా.

ఒక్కసారిగా తన ఊరి చెరువు గట్టు గుర్తొచ్చింది. నాన్న కౌలుకు తీసుకున్న చెరువు అది. నీటి మీద తేలుతున్న రొయ్యలు, ఒక్కొక్కదాని మీదా ఇలాంటి చుక్కలే. వైట్ స్పాట్ జబ్బు. ఆగుదాం, రెండు రోజులు చూద్దాం అన్నాడు నాన్న. ఆ రెండు రోజుల్లో చెరువంతా పోయింది. ఆ వాసన ఊరు దాటేదాకా వచ్చింది. తన్మయి ఆ గట్టు మీద లేదు. ఇంత దగ్గరగా బతికినా తన్మయికి అది ఎక్కడా కనిపించి ఉండదు, చూసి నేర్చుకోవడానికి.

హైమ ఆగలేదు. కళ్ళు మూసి తెరవలేదు. కుర్చీలోంచి సగం లేచి, ఒక మోకాలు కుర్చీ మీద పెట్టి, మౌసును పిడికిట్లో పట్టుకుని స్లైడును ఒక మూల నుంచి ఇంకో మూలకు గుంజింది. ఎడమ చెయ్యి ఎప్పుడో నోటి మీదకు వెళ్ళింది. కాళ్ళు వణుకుతుంటే కింద రబ్బరు పట్టా కిర్రుమంది.

తెర మీద నమస్కారం చెరిగిపోయి, ఇంతవరకూ ఎవరూ చూడని మాట వచ్చింది.

'మీరెవరు?'

హైమ దాన్ని చదవను కూడా లేదు. రాయాల్సిన చోట టకటకా కొట్టేసింది. 'వైట్ స్పాట్. మధ్యాహ్నంలోపు చెరువు పట్టెయ్యాలి.'

పాత గీతల్లో ఈ తీరును వెతుక్కుంటున్నట్టు కన్ను రెండుసార్లు మిణికింది. 'నమస్కారం, హైమావతి గారూ. రెండో చూపు నమోదైంది.'

హైమ కంటే ముందు తన్మయి అది చూసి, "అక్కా!" అని అరిచింది. రాజు గారు గదిలోంచి పరుగున వచ్చారు. తెర మీద రెండు చూపులూ పక్కపక్కన తెరుచుకున్నాయి. మొదటిది తన్మయిది: 'జబ్బు కాదు. నీళ్ళలోని సున్నం పెంకుకు పట్టింది. ఆగవచ్చు.'

రెండూ వేరు. పద్ధతి ప్రకారం పెద్ద పరీక్షకు పంపారు.

"ఆగితే చెరువంతా పోతుంది సార్" అంది హైమ.

"పట్టేస్తే ఆయన మునిగిపోతాడక్కా. ఆ చుక్క నడిమధ్య చూశారా? ఖాళీగా లేదు, పొడిలా ఉంది."

"నువ్వు చెరువు పోవడం ఎప్పుడైనా చూశావా?"

"లేదు. స్లైడే చూశాను."

పెద్దింట్లు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, మీరిద్దరూ ఒకే ఇంటోళ్ళని ఇన్నాను. ఏదో ఒక మాట మీదుండండమ్మా. నా వల గట్టు మీదే ఉంది."

సాయంత్రం ఫలితం వచ్చింది. వైట్ స్పాట్ లేదు. నీళ్ళ సున్నమే. పెద్దింట్లు చేతులు జోడించి తన్మయికి దణ్ణం పెట్టి, హైమ వైపు చూసీ చూడనట్టు చూసి, వల ఇంటికి చేర్చుకోవడానికి వెళ్ళిపోయాడు.

హైమ తెర ముందు కూర్చుంది. ఆ ఒక్క చూపును కొసగా పట్టుకుని, ఆనవాలు వెనక్కి వెళ్ళి పాత పనంతా విడదీస్తోంది. ఇది తన్మయిది, ఇది హైమావతిది. ఏళ్ళ నాటి స్లైడ్లు ఒక్కొక్కటే వచ్చి ఆమె పేరు కింద చేరుతున్నాయి. అన్నిటికంటే పైన, ఎంపికవాళ్ళు తెరవగానే కనబడేటట్టు, ఆ పొద్దుటి మాట ఉంది. 'వైట్ స్పాట్. మధ్యాహ్నంలోపు చెరువు పట్టెయ్యాలి.' దాని పక్కన ఎర్రటి అక్షరాల్లో 'తప్పు'.

"దాన్ని తీసేయమ్మా" అన్నారు రాజు గారు నెమ్మదిగా. "పరికరం చెడి ఉన్నప్పుడు చేసింది లెక్కలోకి రాదని నేను చెబుతాను."

తీయడానికి హైమకు ఒక్క నొక్కు చాలు. నొక్కబోయింది. ఆనవాలు అడ్డొచ్చింది. 'ఈ నమోదు తీసేస్తే హైమావతిని తన్మయి నుంచి వేరుగా గుర్తుపట్టలేను. తీసేయమంటారా?'

రాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తన్మయి కుర్చీ వెనక నిలబడి ఉంది.

ఆ తప్పు అక్కడ ఉంటే కైకలూరు రాదు. అది లేకపోతే వెళ్ళడానికి హైమ ఉండదు. వెళ్ళేది తన్మయి అన్న పేరు. ఇద్దరి పనీ కలిసిన పేరు, ఒక్క తప్పూ లేని పేరు.

'వద్దు' అని నొక్కింది.

రాజు గారు నిట్టూర్చి గదిలోకి వెళ్ళిపోయారు. తన్మయి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అలవాటుగా అరచేతులు బల్ల మీద పెట్టి, పెట్టిన సంగతి గుర్తొచ్చి తీసేసింది.

"పెట్టుకో" అంది హైమ. "నీకే బాగుంటుంది. చచ్చేంత బాగుంటుంది."

తన్మయి చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది. కాసేపటికి, "కైకలూరు నాకొస్తే?" అంది.

"వస్తే వెళ్ళు. ఇక్కడ కూర్చుని నేను కుళ్ళుకుంటాను."

"మీ పేరు మీదేనా అక్కా?"

"నా పేరు మీదే" అంది హైమ. చేత్తో మౌసును పిడికిలి బిగించి పట్టుకుని, తర్వాతి స్లైడు తెరిచింది.